తప్పులే నమోదు కాని ఆసుపత్రి ఎంత భద్రం?

2022 మార్చి చివర్లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఐసీయూలో చికిత్స పొందుతున్న ఒక రోగిని ఎలుకలు కొరికాయి. వార్త బయటికి రాగానే సూపరింటెండెంట్ బదిలీ అయ్యారు, ఇద్దరు వైద్యులు సస్పెండయ్యారు. అదే ఏడాది ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేశారు. వారిలో నలుగురు కొద్ది రోజుల్లోనే మరణించారు. అక్కడా సూపరింటెండెంట్‌పై సస్పెన్షన్ వేటు పడింది.

రెండు చోట్లా చర్య తొందరగానే జరిగింది. ఎలుకలు ఐసీయూ దాకా ఎలా రాగలిగాయి, ఒక్క రోజులో అన్ని ఆపరేషన్లకు సరిపడా పరికరాలను శుద్ధి చేసే ఏర్పాటు ఉందా, అంతకుముందు సిబ్బందిలో ఎవరైనా హెచ్చరించారా, హెచ్చరిస్తే ఆ మాట ఎవరి బల్ల మీద ఆగిపోయింది అన్న ప్రశ్నలకు మాత్రం వేటు వార్తకు దక్కినంత చోటు ఎప్పుడూ దక్కదు. వైద్య రంగంలో ఈమధ్య తరచుగా వినిపిస్తున్న ‘రోగి భద్రతా సంస్కృతి’ అన్నది ప్రధానంగా ఆ ప్రశ్నలకు సంబంధించినదే. కింది ఉద్యోగి చూసిన ప్రమాదం పైఅధికారి చెవికి చేరుతుందా, చేరితే ఏదైనా మారుతుందా అన్నదే అందులోని అసలు విషయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, వైద్యం పొందే ప్రతి పదిమందిలో దాదాపు ఒకరికి ఆ వైద్యంలోనే ఏదో ఒక హాని జరుగుతోంది. అందులో సగానికి పైగా నివారించగలిగినదే. అమెరికాలో 1999లో వెలువడిన ఒక ప్రసిద్ధ నివేదిక, వైద్యపరమైన తప్పుల వల్ల అక్కడి ఆసుపత్రుల్లో ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని అంచనా కట్టింది. పై అంకె కింది అంకెకు రెట్టింపు కంటే ఎక్కువ. ఇలాంటి మరణాలను లెక్కించడం ఎంత కష్టమో ఆ తేడాయే చెబుతోంది. ఆ అంచనాలపై పరిశోధకుల మధ్య వివాదం ఇప్పటికీ తెగలేదు.

ఏది తప్పు, ఏది దురదృష్టం?

చికిత్స వికటించిందంటే ఎవరో తప్పు చేసి ఉంటారని మనం అనుకుంటాం. అన్నిసార్లూ అలా జరగదు. పెన్సిలిన్ ఇంజెక్షన్‌నే తీసుకుందాం. ఆ మందు పడదని రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. ఇంజెక్షన్ ఇచ్చాక ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదు. ఇది హానే గానీ, ఇందులో తప్పు లేకపోవచ్చు. రెండో రోగికి పెన్సిలిన్ పడదని కేస్ షీట్ మొదటి పేజీలోనే రాసి ఉంది, అయినా ఇచ్చారు. ఇది తప్పు. మూడో రోగికి వైద్యుడు అలాగే పొరపాటున రాశాడు, కానీ ఫార్మసిస్టు చీటీ చూసి ఫోను చేసి ఆపాడు. ఇక్కడ తప్పు జరిగింది, హాని జరగలేదు. దీన్ని ‘తృటిలో తప్పిన ప్రమాదం’ అనవచ్చు.

నిర్లక్ష్యం వీటన్నిటికంటే వేరు. సాటి వైద్యుడో నర్సో అదే పరిస్థితిలో తీసుకునే కనీస జాగ్రత్త కూడా తీసుకోకపోతే చట్టం దాన్ని నిర్లక్ష్యం అంటుంది. వార్తల్లోనూ వార్డు బయట జరిగే ఆందోళనల్లోనూ ఈ నాలుగూ ఒకే మాటగా కలిసిపోతాయి. ఆత్మీయుణ్ణి పోగొట్టుకున్న కుటుంబం ఆ క్షణంలో వాటిని విడదీసి చూడాలని ఆశించడం అన్యాయమే. విడదీసి చూడవలసిన బాధ్యత ఆసుపత్రిది, విచారణ జరిపేవారిది.

భద్రతపై పనిచేసేవారికి మూడో రోగి కథ మీదే ఎక్కువ ఆసక్తి. ఎందుకో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం.

ఒక రాత్రి, ఒక ఆంపూల్

నలభై పడకల వార్డు. రాత్రి డ్యూటీలో ఇద్దరు నర్సులు. ఒక రోగి రక్తంలో పొటాషియం తగ్గింది కాబట్టి సెలైన్‌లో పొటాషియం క్లోరైడ్ కలిపి నెమ్మదిగా ఎక్కిస్తున్నారు. ఈ మందు 10 మిల్లీలీటర్ల ఆంపూళ్ళలో, అంటే మూత విరిచి వాడే చిన్న సీసాల్లో వస్తుంది. బాగా పలచబరిచి గంటల తరబడి ఎక్కిస్తే అది ప్రాణం నిలుపుతుంది. పలచబరచకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే నిమిషాల్లో గుండె ఆగిపోవచ్చు. ఇంజెక్షన్లలో కలిపే శుద్ధజలం కూడా 10 మిల్లీలీటర్ల ఆంపూళ్ళలోనే వస్తుంది. రెండూ రంగులేని ద్రవాలే. ఆ వార్డులో రెండూ ఒకే ట్రేలో ఉన్నాయి.

పక్క పడక రోగికి యాంటీబయాటిక్ పొడిని కలపడానికి నర్సు ట్రేలోంచి ఒక ఆంపూల్ తీసింది. మూత విరిచింది. సిరంజిలోకి లాగబోతూ లేబుల్ చూసింది. పొటాషియం! పక్కన పడేసి, ఇంకొకటి తీసుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇక్కడి నుంచి కథ రెండు దారుల్లో నడవవచ్చు. మొదటి ఆసుపత్రిలో ఆమె ఎవరికీ చెప్పదు. చెబితే మెమో వస్తుందని తెలుసు. మహా అయితే టీ తాగుతూ తోటి నర్సుతో అంటుంది. మూడు నెలల తరవాత అదే ట్రేలోంచి ఇంకొకరు ఆంపూల్ తీస్తారు, ఆ రాత్రి లేబుల్ చదవరు. రెండో ఆసుపత్రిలో ఆమె అర పేజీ రాసి ఇస్తుంది. వారం తిరిగేసరికి పొటాషియం ఆంపూళ్ళను వార్డు నుంచి తీసేసి ఫార్మసీలో తాళం కింద పెడతారు. కావలసినప్పుడు ఇద్దరి సంతకంతో తెప్పించుకోవాలి. గాఢమైన పొటాషియం ద్రావణాలను సాధారణ వార్డుల్లో ఉంచవద్దని అంతర్జాతీయ భద్రతా సూచనలు చెబుతూ వస్తున్నవి సరిగ్గా ఇలాంటి రాత్రుల వల్లనే.

ఆ రాత్రి తప్పు ఎవరిది? ఆంపూల్ తీసిన చేయి నర్సుది. కానీ ఒకేలా కనిపించే ఆంపూళ్ళను కొన్నది స్టోర్సు విభాగం. వాటిని ఒకే ట్రేలో సర్దింది ఏళ్ళ నాటి అలవాటు. నలభై మందికి ఇద్దరు నర్సులు చాలని తేల్చింది యాజమాన్యం. బ్రిటిష్ మనస్తత్వవేత్త జేమ్స్ రీజన్ దీన్ని రంధ్రాలున్న చీజ్ ముక్కలతో పోల్చాడు. ప్రతి రక్షణ పొరలోనూ ఎక్కడో ఒక రంధ్రం ఉంటుంది. అవన్నీ ఒకే వరుసలోకి వచ్చిన రోజున ప్రమాదం రోగి దాకా చేరుతుంది. నర్సు చేయి చివరి పొర మాత్రమే. శిక్ష దాదాపు ఎప్పుడూ ఆ చివరి పొర మీదే పడుతుంది.

ఎక్కువ నమోదైతే ఎక్కువ ప్రమాదమా?

1990లలో అమెరికా పరిశోధకురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లోని నర్సుల బృందాలను పరిశీలించింది. మంచి నాయకత్వం, సఖ్యత ఉన్న బృందాల్లో మందుల తప్పులు తక్కువగా ఉంటాయని ఆమె ఊహించింది. లెక్కలు తలకిందులుగా వచ్చాయి. మంచి బృందాల్లోనే ఎక్కువ తప్పులు నమోదయ్యాయి. లోతుగా చూస్తే, వారు ఎక్కువ తప్పులు చేయడం లేదు, జరిగినవాటిని దాచకుండా చెబుతున్నారు. తక్కిన చోట్ల భయం వల్ల తప్పులు కాగితం మీదికే రావడం లేదు.

దీన్ని అంకెల్లో ఊహించి చూద్దాం. రెండు ఆసుపత్రులు, రెంటికీ రెండేసి వందల పడకలు. ఒకటి నెలకు నాలుగు ఘటనలు నమోదు చేస్తుంది, నాలుగూ హాని జరిగినవే. రెండోది తొంభై నమోదు చేస్తుంది, వాటిలో ఎనభైకి పైగా తృటిలో తప్పినవే. జిల్లా అధికారి సమీక్షలో మొదటిదానికి మెచ్చుకోలు, రెండోదానికి సంజాయిషీ నోటీసు దక్కే అవకాశం ఎక్కువ. కానీ దాచలేనంత పెద్ద హాని జరిగితే తప్ప మొదటి ఆసుపత్రి నోరు విప్పదని ఆ నాలుగు కాగితాలే చెబుతున్నాయి. రెండు వందల పడకల చోట నెల మొత్తంలో ఎవరి చేయీ తప్పు ఆంపూల్ మీదికి వెళ్ళలేదంటే నమ్మడం కష్టం.

ఈ వాదనకు ఒక పరిమితి ఉంది. కాగితాల సంఖ్యే కొలమానమైతే, దుప్పటి మార్చలేదని కూడా ఒక ఘటన రాసి లెక్క పెంచవచ్చు. అందుకే ఈ రంగంలోని జాగ్రత్తపరులు సంఖ్య కన్నా మూడు విషయాలు చూస్తారు: రాసినవారిలో వైద్యులు ఉన్నారా లేక నర్సులే రాస్తున్నారా, తృటిలో తప్పినవి ఎన్ని, రాసిన తరవాత వార్డులో ఏది మారింది. మూడోదానికి జవాబు లేకపోతే నమోదు దానంతటదే ఎండిపోతుంది. రాసి రాసి విసిగినవాళ్ళు మళ్ళీ రాయరు.

శిక్షకూ క్షమకూ మధ్య

అయితే ఎవరినీ శిక్షించకూడదా? ఇక్కడే అసలు చిక్కు ఉంది. ‘ఎవరినీ నిందించవద్దు’ అన్న మొదటి తరం నినాదం చాలామందికి మింగుడు పడలేదు. దాని స్థానంలో వచ్చిన ‘న్యాయమైన సంస్కృతి’ భావన మనిషి ప్రవర్తనను మూడు రకాలుగా చూస్తుంది. పైన చెప్పిన ఆంపూల్ కథలోనే వాటిని చూపవచ్చు. అలసటలో లేబుల్ తప్పు చదవడం మానవ సహజమైన పొరపాటు. అలాంటివారికి ధైర్యం చెప్పి, ఏర్పాటును మార్చాలి. లేబుల్‌ను ఇద్దరు సరిచూడాలని నియమం ఉన్నా, పని ఒత్తిడిలో అందరూ వదిలేస్తున్నారు కదా అని తానూ వదిలేయడం ప్రమాదకరమైన అడ్డదారి. అక్కడ హెచ్చరికతో పాటు, అందరూ ఎందుకు వదిలేస్తున్నారో కనుక్కోవాలి. మద్యం తాగి డ్యూటీకి రావడం, తెలిసి తెలిసి రోగిని ప్రమాదంలోకి నెట్టడం మూడో రకం. దానికి శిక్ష తప్పదు.

కాగితం మీద ఇది తేటగానే ఉంటుంది. అమెరికాలోని నాష్‌విల్ నగరంలో 2017 డిసెంబరులో జరిగిన ఘటన దగ్గర ఆ తేటదనం చెదిరిపోయింది. స్కానింగ్‌కు ముందు రోగి ఆందోళన తగ్గించడానికి ‘వర్సెడ్’ అనే మందు ఇవ్వాలి. మందుల కంప్యూటర్ అలమారలో నర్సు ఆ పేరులోని మొదటి రెండు ఇంగ్లిషు అక్షరాలు (VE) కొట్టింది. వర్సెడ్ అన్నది బ్రాండ్ పేరు, అలమార మాత్రం జెనరిక్ పేర్లతో వెతికేలా అమర్చి ఉండటంతో ఆ మందు కనిపించలేదు. అడ్డు తొలగించే మీట నొక్కి మళ్ళీ వెతికితే అవే అక్షరాలతో మొదలయ్యే వెక్యురోనియం వచ్చింది. అది కండరాలను స్తంభింపజేసే మందు. రోగి మరణించింది. నర్సు వెంటనే తన తప్పును ఒప్పుకుంది. ఆసుపత్రి మాత్రం మరణానికి అసలు కారణాన్ని పర్యవేక్షక సంస్థలకు తెలపలేదు. 2018లో ఒక అజ్ఞాత ఫిర్యాదు వల్లనే విషయం బయటపడింది. 2022 మార్చిలో జ్యూరీ ఆ నర్సును క్రిమినల్ నేరంలో దోషిగా తేల్చింది. మే నెలలో జైలుకు బదులు మూడేళ్ళ ప్రొబేషన్ విధించారు.

ప్రాసిక్యూషన్ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. వర్సెడ్ ద్రవం, వెక్యురోనియం పొడి, దాన్ని నీళ్ళతో కలపాలి. సీసా మూత మీదే హెచ్చరిక ముద్రించి ఉంది. మందు ఇచ్చాక రోగిని కనిపెట్టుకుని ఎవరూ లేరు. ఇన్ని సంకేతాలు దాటిపోవడం ఉత్త పొరపాటు కాదని వారన్నారు. నర్సుల సంఘాలు ఇంకోవైపు నుంచి మాట్లాడాయి: అడ్డు తొలగించే మీట ఆ ఆసుపత్రిలో రోజువారీ అలవాటు, తప్పు ఒప్పుకున్న మనిషే జైలు అంచుకు చేరితే రేపు ఎవరు ఒప్పుకుంటారు? ఈ భయం శాసనసభల దాకా వెళ్ళింది. 2024లో కెంటకీ రాష్ట్రం, తీవ్ర నిర్లక్ష్యం కాని వైద్యపరమైన తప్పులకు క్రిమినల్ బాధ్యత లేకుండా చట్టం చేసింది.

మన దగ్గర గీత ఎక్కడుంది? జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లో, వైద్యుడిపై క్రిమినల్ కేసు నిలవాలంటే నిర్లక్ష్యం తీవ్రమైనదై ఉండాలని, మరో వైద్యుడి స్వతంత్ర అభిప్రాయం లేకుండా ముందుకు వెళ్ళరాదని, మామూలు కేసుల్లోలా అరెస్టు చేయరాదని చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ నిర్లక్ష్యంతో కలిగించిన మరణానికి గరిష్ఠ శిక్షను రెండేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెంచింది. నమోదిత వైద్యులు వైద్య ప్రక్రియ చేస్తుండగా జరిగితే మాత్రం రెండేళ్ళే. ఈ మినహాయింపు వైద్యులకే. నర్సులు, టెక్నీషియన్లు ఆ నిర్వచనంలోకి రారు. ప్రమాదాన్ని అందరికంటే ముందు చూసే అవకాశం ఉన్నది మంచం పక్కన నిలబడే మనిషికే. చట్టం నీడ తక్కువగా ఉన్నదీ ఆ మనిషికే. వైద్యులకు ఇచ్చిన మినహాయింపు మీద జరిగినంత చర్చ దీని మీద జరగలేదు.

సార్‌కు అడ్డు చెప్పడం

ఆపరేషన్ థియేటర్‌లో సీనియర్ సర్జన్ ఎడమ మోకాలికి బదులు కుడి మోకాలి దగ్గర గుర్తు పెడుతున్నాడు. ఆర్నెల్ల క్రితం చేరిన నర్సు చూసింది. ‘సార్, ఎడమ కాలు కదా’ అనడానికి ఆమెకు ఎంత ధైర్యం కావాలో మన ఆసుపత్రుల్లో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు. పెద్దవాళ్ళ మాటకు అడ్డు వెళ్ళకూడదన్న పెంపకం, మరునాటి డ్యూటీ చార్టు మీద బెంగ, రెండూ కలిసి నోరు నొక్కేస్తాయి.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఈ నోరు తెరిపించడానికే ఒక ప్రయత్నం జరిగింది. మెడ, ఛాతీ లేదా తొడ దగ్గరి పెద్ద సిరలోకి వేసే గొట్టాల వల్ల ఐసీయూల్లో రక్తానికి ఇన్ఫెక్షన్ సోకేది. పీటర్ ప్రొనోవోస్ట్ అనే వైద్యుడు ఐదు అంశాల చెక్‌లిస్ట్ తయారు చేశాడు. చేతులు కడుక్కోవడం, రోగి చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయడం, ఒళ్ళంతా కప్పే స్టెరైల్ వస్త్రాలు వాడటం, వీలైతే తొడ దగ్గరి సిరను ఎంచుకోకపోవడం, అక్కరలేని గొట్టం తీసేయడం. ఏ వైద్య విద్యార్థికైనా తెలిసిన సంగతులే. కొత్తదనమంతా ఇంకోచోట ఉంది: వైద్యుడు ఒక్క అంశం వదిలేసినా నర్సు పని ఆపించవచ్చు, యాజమాన్యం ఆమె వెనక నిలబడుతుంది. 2006లో వెలువడిన ఫలితాల్లో, పాల్గొన్న వందకు పైగా ఐసీయూల్లో ఇన్ఫెక్షన్ల రేటు 66 శాతం దాకా తగ్గింది.

ఆ తరవాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల శస్త్రచికిత్స చెక్‌లిస్ట్ తెచ్చింది. న్యూఢిల్లీ సహా ఎనిమిది నగరాల్లో ప్రయోగిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి పడిపోయాయని 2009లో తేలింది. కెనడాలోని ఒంటారియోలో దాన్ని 101 ఆసుపత్రులకు విస్తరించాక చూస్తే, మరణాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదని 2014 అధ్యయనం చెప్పింది. ఒకే కాగితానికి ఇంత తేడా ఏమిటి? చెక్‌లిస్ట్ వల్ల ప్రయోజనం లేదనీ, మొదటి ఫలితాలను ఎక్కువ చేసి చూపారనీ కొందరన్నారు. ఒంటారియోలో కాగితం నింపారే తప్ప బృందాలకు తగిన శిక్షణ దొరకలేదని మరికొందరు. రెంటిలోనూ నిజం ఉండవచ్చు.

ఉత్తరప్రదేశ్ అనుభవం ఇంకా కఠినమైనది. 24 జిల్లాల్లో లక్షన్నరకు పైగా కాన్పులపై, ప్రసవాల చెక్‌లిస్ట్‌తో పాటు సిబ్బందికి శిక్షకులను కూడా ఇచ్చి పరిశోధన చేశారు. రెండు నెలలకు మంచి పద్ధతులు పాటించడం స్పష్టంగా పెరిగింది. కానీ తల్లీబిడ్డల మరణాలు, తీవ్ర సమస్యలు కలిపి చూస్తే చెక్‌లిస్ట్ ఇచ్చిన చోటా, ఇవ్వని చోటా 15 శాతం దగ్గరే ఆగిపోయాయి. శిక్షకులు వెళ్ళిపోయాక పాటించడమూ సడలింది. చేతులు కడగడం నేర్పగలం, రక్తస్రావం ఆగని తల్లికి అర్ధరాత్రి రక్తమూ నిపుణురాలూ అందకపోతే ఏ చెక్‌లిస్ట్ ఏం చేస్తుంది?

మనుషులు చాలని చోట

ఈ ప్రశ్నే భద్రతా సంస్కృతి విమర్శకులది. సంస్కృతి గురించిన శిక్షణ తరగతులు చవక, నర్సులను నియమించడం ఖరీదు. కాబట్టి యాజమాన్యాలు మొదటిదాన్ని ఎంచుకుంటున్నాయని వారి ఆరోపణ. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ దగ్గర 2014 నవంబరులో ఒకే శిబిరంలో, ఒకే సర్జన్ కొద్ది గంటల్లో 83 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశాడు. ఆ వరుస శిబిరాల్లో పదిమందికి పైగా మరణించారు. మందుల్లో కల్తీయా, ఇన్ఫెక్షనా అన్న వాదం చాలాకాలం నడిచింది. అయితే గంటల్లో 83 అన్న అంకె దగ్గరే ఏ రక్షణ పొరా నిలవదు. అక్కడి నర్సు ధైర్యంగా నోరు విప్పినా, బయట వరుసలో కూర్చున్నవాళ్ళను ఇంటికి పంపే అధికారం ఎవరికుంది? దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016లో ఇలాంటి శిబిరాలను మూడేళ్ళలో నిలిపివేయాలని ఆదేశించింది. ఇబ్రహీంపట్నం ఘటన ఆ గడువు దాటాక జరిగింది.

భద్రతా సంస్కృతిని సమర్థించే పక్షం కూడా సిబ్బంది కొరతను కాదనదు. కొరత ఉన్న చోటే తృటిలో తప్పిన ప్రమాదాలు రాతలోకి రావాలని, లేకపోతే కొరత వల్ల ఎవరికి ఏం జరుగుతోందో చూపే ఆధారమే ఉండదని అది అంటుంది. నా మొగ్గు ఇటువైపే. ‘ఇద్దరు నర్సులు చాలడం లేదు’ అన్న వినతిపత్రం కన్నా, ‘ఇద్దరే ఉన్న రాత్రుల్లో ఈ నెల పదకొండు సార్లు మందు తారుమారు కాబోయింది’ అన్న జాబితాను పక్కన పెట్టడం అధికారికి కష్టం.

ఆ అర పేజీ ఎవరి చేతికి?

మన దేశంలో చట్రాలు లేకపోలేదు. నాణ్యతా గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్, తన గుర్తింపు కోరే ఆసుపత్రులు ఘటనలను నమోదు చేసి విశ్లేషించాలని అడుగుతుంది. కేంద్రం 2018లో రోగి భద్రతకు జాతీయ అమలు ప్రణాళిక ప్రకటించింది. మందుల దుష్ప్రభావాల కోసం 2010 నుంచి జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. రోగులు నేరుగా నింపగల పత్రం తెలుగులోనూ దొరుకుతుంది. కానీ ట్రేలో తారుమారైన ఆంపూల్ లాంటివాటిని చిన్నా పెద్దా అన్ని ఆసుపత్రులూ తప్పనిసరిగా నమోదు చేసే జాతీయ వ్యవస్థ ఇంకా లేదు.

నమోదు చేసిన కాగితం భవిష్యత్తు అంతకంటే చిక్కుముడి. అమెరికా 2005లో చేసిన చట్టం, నిర్దేశించిన భద్రతా సంస్థలకు పంపడానికి సిద్ధం చేసిన నివేదికలను కోర్టులో సాక్ష్యంగా వాడకుండా కాపాడుతుంది. రోగుల తరఫు వారికి ఇది గిట్టదు. నిజం తెలిసిన ఒకే ఒక్క కాగితాన్ని చట్టమే దాచిపెడుతోందని వారి అభ్యంతరం. ఇంగ్లండ్ వేరే వైపు నుంచి వచ్చింది. మిడ్ స్టాఫర్డ్‌షర్ ఆసుపత్రి వైఫల్యాలపై 2013లో విచారణ నివేదిక వెలువడ్డాక, గణనీయమైన హాని జరిగితే రోగికీ కుటుంబానికీ చెప్పి క్షమాపణ కోరడాన్ని 2014లో చట్టబద్ధమైన విధిగా మార్చింది. చెబితే దావాలు వెల్లువెత్తుతాయన్న భయం అన్ని చోట్లా నిజం కాలేదు. తప్పును ముందుగానే ఒప్పుకుని పరిహారం ఇచ్చే పద్ధతి మొదలుపెట్టాక మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో కొత్త దావాలు తగ్గాయి.

మన దగ్గర ఈ రెండు రకాల చట్టాలూ లేవు. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలన్నది వైద్యుల నియమావళిలో ఉంది. ఘటన నివేదికను సాధారణంగా కేస్ షీట్‌తో కలపకుండా విడిగా ఉంచుతారు కాబట్టి అది కుటుంబానికి అందదు. మరోవైపు వినియోగదారుల కమిషన్ దాన్ని తెప్పించుకుంటే రాసిన నర్సుకు ప్రత్యేక రక్షణ ఏదీ లేదు. ఆసుపత్రిలో నాణ్యతా విభాగం రాయమంటుంది, లాయరు రాయవద్దంటాడు. నేటి చట్టం ప్రకారం ఇద్దరి సలహాలోనూ తప్పు పట్టడానికి లేదు.